చూరు నీళ్ళు ఎటు పోతాయి? బడిపిల్లలకు ఆర్కిటెక్చర్ నేర్పే ఆరు శనివారాలు

ఆరో తరగతి పిల్లల చేతికి తెల్లకాగితం ఇచ్చి "మీ కలల ఇల్లు గీయండర్రా" అని మాత్రం అనకండి. మొదటిసారి నేను చేసిన పొరపాటు అదే. ముప్పై కాగితాలు తిరిగొచ్చాయి. దాదాపు అన్నిట్లోనూ రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, కింద ఏటవాలు కప్పున్న ఇల్లు, ఆ కప్పుమీద పొగగొట్టం. మాది కోనసీమ. ఏటిగట్టెక్కి నాలుగు దిక్కులా చూసినా కొబ్బరిచెట్లే తప్ప కొండన్నది కనపడదు. పొగగొట్టమున్న ఇల్లు ఆ ముప్పైమందిలో ఒక్కరూ చూసి ఉండరు. డ్రాయింగు పుస్తకంలో బొమ్మని అందరూ కట్టగట్టుకుని దించేశారు.

మరుసటి వారం ప్రశ్న మార్చాను. "రాత్రి వాన పడింది కదా, మీ ఇంటి చూరు నీళ్ళు ఎక్కడ పడ్డాయి? అక్కణ్ణించి ఎటు పోయాయి?" అంతే, గదిలో గోల మొదలైంది. ఒకడింటి చూరు నీళ్ళు పక్కింటి గోడమీద పడతాయట, దానిమీద రెండేళ్ళుగా తగువట. ఒకమ్మాయి వాళ్ళ పెరట్లో నీళ్ళు నిలిచి కోళ్ళగూడు నానిపోతోందట. వెనక బల్ల నుంచి ఒకడు లేచి "ఊళ్ళో నీళ్ళన్నీ మన బడికే వస్తాయండి మాష్టారూ, ఆయ్" అన్నాడు. నిజమే, మా బడి పల్లంలో ఉంది. అది వాడికి తెలిసినంత వివరంగా నాకు తెలీదు.

అందుకని మన గోదావరి డెల్టాలో ఈ పాఠం నీళ్ళతోనే మొదలెట్టండి. నీళ్ళ తర్వాత ఎండ, ఎండ తర్వాత మనుషులు. పేరున్న కట్టడాల ఫొటోలు చూపించడం చివరికి పెట్టుకోవచ్చు, అసలు చూపించకపోయినా కొంప మునిగిపోదు.

కావలసినవి

6, 7, 8 తరగతుల పిల్లలు పాతిక ముప్పైమంది, శనివారానికి రెండు గంటలు. ఆరు వారాలు వరసగా జరగాలని లేదు. ఊళ్ళో చేసే పనులు వానాకాలంలోనే బాగుంటాయి, నీళ్ళు కంటికి కనిపిస్తాయి. ఏటి దగ్గరికి తీసుకెళ్ళేది మాత్రం సంక్రాంతి దాటాకే. జులై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం, ఆ రోజుల్లో పిల్లల్ని గట్టుమీదికి ఎక్కించొద్దు. కాలువ గట్టున నడిచేటప్పుడు ఎనిమిదిమందికి ఒక పెద్దవాళ్ళు ఉండాలి. ఇందులో బేరం లేదు.

సామాను: గళ్ళ నోటుపుస్తకాలు, తాపీ మేస్త్రి దగ్గర అరువు తెచ్చిన పొడవాటి టేపు, పురికొస ఉండ, ముగ్గుపిండి, పది మీటర్ల పల్చటి పారదర్శకపు పైపు, పాత అట్టపెట్టెలు, కొబ్బరి ఈనెలు, కాస్త బంకమట్టి. కొనాల్సింది పైపొక్కటే.

మొదటి శనివారం: సెంటు అంటే ఎంత?

కొలతలు ఒంటితో మొదలెట్టండి. జాన, మూర, బార. తరగతి గది పొడవు ఎన్ని బారలో ఒక పొడుగువాడు, ఒక పొట్టివాడు కొలిచి చెప్పాలి. లెక్కలు కలవవు. ఎందుకు కలవలేదో వాళ్ళే తేల్చుకుంటారు, టేపు అప్పుడు బయటికి తీయండి. కానీ ఒంటి కొలతల్ని పక్కన పడేయకండి. తలుపు మీద ఎంత ఎత్తులో గడియ ఉండాలి, కుళాయి ఎక్కడుంటే రెండో తరగతి పిల్లకి అందుతుంది, ఇవన్నీ ఒంటితో తేలే లెక్కలే.

ఆ తర్వాత అందర్నీ బడి ఆవరణలోకి తీసుకెళ్ళి ఒక సెంటు స్థలం ముగ్గుతో గీయమనండి. సెంటు మాట మన పిల్లలు పుట్టినప్పట్నించీ వింటారు. అరెకరం చేను, అయిదు సెంట్ల కొబ్బరితోట, సెంటున్నర ఇళ్ళస్థలం. అది కళ్ళముందు ఎంతుంటుందో మాత్రం చెప్పలేరు. సెంటంటే 48.4 చదరపు గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. 21 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు గీస్తే సెంటు కన్నా ఓ అయిదు చదరపు అడుగులు ఎక్కువొస్తుంది. మన పనికి అది చాలు.

ఇక్కడ ఒక తమాషా జరుగుతుంది. నాలుగు వైపులా 21 అడుగులు జాగ్రత్తగా కొలిచి గీస్తారు, తీరా చూస్తే చతురస్రం రాదు, పక్కకి ఒరిగిపోయిన పెట్టెలా వస్తుంది. రానివ్వండి. అప్పుడు తాపీ మేస్త్రిని రంగంలోకి దింపండి. ప్రతి ఊళ్ళోనూ మన పిల్లల్లో ఎవరో ఒకరి నాన్నో మావయ్యో తాపీ పనిలో ఉంటారు. ముందే ఒక మాట చెప్పి ఉంచితే చాలు. ఆయన తాడు తీసి ఒక మూల నుంచి ఇటు 3 అడుగులు, అటు 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా తాడు జరుపుతాడు. మూలమట్టం కుదిరింది. పెద్ద స్థలానికైతే 6, 8, 10 పెట్టుకుంటాడు. ఎనిమిదో తరగతి పిల్లల మొహాలు అప్పుడు చూడాలి. లంబకోణ త్రిభుజం పాఠం బల్లమీదే ఉండిపోతుందనుకున్నారు వాళ్ళు. చివర్లో రెండు కర్ణాలూ కొలిపించండి. రెండూ 29 అడుగుల 8 అంగుళాల దగ్గర కలిస్తే మీ సెంటు సెంటే.

ఇప్పుడా సెంటులో నలుగురు మనుషుల ఇల్లు గీయమనండి. మంచం, గ్యాసు పొయ్యి, బీరువా, బియ్యం డ్రమ్ము, సైకిలు అన్నీ అసలు కొలతల్తో ముగ్గులో పడాలి. గోడ దాటితే అవుట్. గుమ్మంలోంచి వెళ్ళాలి, మంచమ్మీంచి నడవకూడదు. కాసేపటికి "మాష్టారూ, బీరువా తలుపు తెరుచుకోడం లేదండి" అని ఒకడొస్తాడు. ఆ రోజు పాఠం అయిపోయినట్టే, గంట కొట్టేయొచ్చు.

రెండో శనివారం: బెండకాయ, ఆ తర్వాత మండువా

ప్లాను, సెక్షను అన్న మాటలు నిర్వచనాలతో చెబితే ఎక్కవు. రెండు బెండకాయలు తీసుకెళ్ళండి. ఒకటి అడ్డంగా కోయండి: గదులు, గదుల మధ్య గోడలు, గింజలు. అది ప్లాను. రెండోది నిలువుగా చీల్చండి: ఒక్కో గది పైనుంచి కిందికి ఎంత పొడుగుందో, కప్పు ఎక్కడ కలిసిందో కనపడుతుంది. అది సెక్షను. ఇంటికెళ్ళి ఎవరెవరు ఏ కూరగాయ కోసి గీస్తారో గీసుకురమ్మంటే, వంకాయ, దోసకాయ, అరటిబోదె దాకా వస్తాయి.

ఇంతలో ఊళ్ళో మిగిలివున్న మండువా లోగిలి, అంటే నడిమధ్య ఆకాశం కనపడే పాతకాలపు పెంకుటిల్లు, ఒకటి చూసుకోండి. చాలా ఊళ్ళలో ఇంకా ఒకటో రెండో ఉన్నాయి. కొన్ని తాళాలేసి ఉన్నాయి, కొన్నిట్లో ఒక్క మామ్మగారే ఉంటారు. ముందురోజు వెళ్ళి అడగండి, పిల్లలు చెప్పులు బయట విడుస్తారని, ఏమీ ముట్టుకోరని మాటివ్వండి. మీరు అడిగింది అరగంటే గానీ మామ్మగారు రెండు గంటలు వదలరు, ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి.

లోపలికి వెళ్ళగానే ఏమీ చెప్పకండి. మండువా చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి పైకి చూడమనండి. నాలుగు వైపుల పెంకుల కప్పూ లోపలికే వాలి ఉంటుంది, మధ్యలో ఆకాశం. కింద ఒక మెట్టు పల్లంగా రాతి నేల. "వాన పడితే?" అని అడగండి. నాలుగు కప్పుల నీళ్ళూ ఆ పల్లంలో పడతాయి. అక్కణ్ణించి? ఒకరిద్దరు లేచి వెతుకుతారు. మూల తూము దొరుకుతుంది. అది నేల కింద నుంచి ఎటు పోతుందో బయటికెళ్ళి వెతకమనండి. మేం వెళ్ళిన ఇంట్లో అది పెరటి అరటిచెట్ల మొదట్లో తేలింది. పిల్లలు ఇంటినంతా ఒక నీటి దారిలా చూడటం నేర్చుకున్నది అక్కడే.

తర్వాత వెలుతురు. దీపం వెయ్యకుండా ఏ గదిలో పుస్తకం చదవొచ్చో, ఏ గదిలో చదవలేమో ప్లానులో గుర్తుపెట్టమనండి. తర్వాత గాలి: ఒక ఈనెకి సన్నటి దారం కట్టి ప్రతి గుమ్మంలో పట్టుకుంటే చాలు. వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉంటే దారం ఎలా ఎగురుతుందో వాళ్ళే చూస్తారు. మిట్టమధ్యాహ్నం అయితే ఒక థర్మామీటరు మండువా వసారాలో, ఇంకొకటి దగ్గర్లోని స్లాబు ఇంట్లో పెట్టి చూడొచ్చు. అంకెలు మీ ఊరివి మీరే రాసుకోండి.

అరుగు దగ్గర కాసేపు ఆగండి. ఇంటాయన తన స్థలంలో, తన ఖర్చుతో వీధిలో పోయేవాళ్ళ కోసం కట్టిన బల్ల అది. ఇప్పటి ఇళ్ళలో అరుగు పోయి ప్రహరీ వచ్చింది. ఆ వీధిలో ప్రస్తుతం ఎన్ని అరుగులున్నాయో, ఎన్ని ప్రహరీలున్నాయో లెక్కపెట్టమంటే అయిదు నిమిషాల పని, చాలాసేపు మాట్లాడుకునే విషయం.

అలాగని మండువాని దేవాలయం చేసేయకండి. ఆ అరుగు దాటి లోపలికి రానివ్వనివాళ్ళు ఊళ్ళో సగం మంది ఉండేవారు. ఆ వాకిలి రోజూ ఊడ్చింది ఒకరైతే, కుర్చీ వేసుకుని కూర్చున్నది ఇంకొకరు. మీరు చెప్పకపోయినా ఏదో ఒక పిల్ల అడుగుతుంది. అడిగితే దాటెయ్యకండి.

మండువా దొరకలేదా, ద్రాక్షారామం వెళ్ళండి. తూర్పు చాళుక్యుల నాటి ఆ భీమేశ్వరాలయంలో లింగం ఎత్తు రెండంతస్తులకి అందేంత, పైఅంతస్తుకి మెట్లెక్కి అభిషేకం చేస్తారు. ఆ గుడిని ప్లానుతో చెప్పబోతే అర్థం కాదు, సెక్షను గీస్తే ఒక్క క్షణంలో అర్థమవుతుంది. సామర్లకోట గుడి కూడా అదే తరహా.

మూడో శనివారం: వరద గీత

ఈ ఆరింటిలో నాకు బాగా ఇష్టమైనది ఇది. పిల్లలకి కూడా, ఎందుకంటే తడవొచ్చు.

ముందు బల్లమీద డెల్టా బొమ్మ గీయండి. 1847లో మొదలెట్టి 1852కి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ తర్వాతి కాలంలో కట్టింది. అక్కణ్ణించి పంట కాలువలు వీలైనంతవరకు మెరక పట్టుకుని వస్తాయి, నీళ్ళు అటూ ఇటూ చేలలోకి దిగాలి కాబట్టి. మురుగు కాలువలు పల్లం పట్టుకుని సముద్రం వైపు పోతాయి. మన ఊళ్ళన్నీ ఈ రెంటి మధ్యనే ఉన్నాయి. మీ ఊళ్ళో పంట కాలువ ఎటుంది, మురుగు కాలువ ఎటుంది అని అడిగితే ప్రతి పిల్లా చెబుతుంది. ఆ రెంటినీ కలిపి ఒక గీత గీస్తే ఊరి వాలు అదే. అమలాపురం వైపు పిల్లలైతే ఎప్పుడో ఒకసారి గన్నవరం అక్విడక్టు కూడా చూపించండి. కింద వైనతేయ పాయ, పైన తొట్టిలో పంట కాలువ, ఏటిని దాటి పోతున్న ఏరు. పాతది కాటన్ కాలంలో కట్టిందే. ఇప్పుడు నీళ్ళు పారుతున్న కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అడిగినవాళ్ళకి లేదనకుండా అన్నం పెట్టిన ఆ తల్లిది ఆ లంకల గన్నవరమే.

ఇక పైపు. పారదర్శకపు పైపునిండా నీళ్ళు పోసి రెండు చివరలూ పైకెత్తి పట్టుకుంటే, రెండు చివరల్లోనూ నీటిమట్టం ఒకే ఎత్తులో నిలుస్తుంది. మేస్త్రీలు పునాది మట్టం చూసేది దీంతోనే. దీన్ని పట్టుకుని ఊళ్ళో వరద చూసిన పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. "1986 ఆగస్టు వరదలో నీళ్ళు ఎందాకా వచ్చాయి తాతగారూ?" అని అడిగించండి. చాలామంది గోడమీద చెయ్యి పెట్టి చూపిస్తారు, కొందరు మేకు కొట్టి ఉంచారు. 2022 జులై వరదైతే పిల్లలకే గుర్తుంటుంది. ఆ గుర్తు దగ్గర పైపు ఒక చివర పెట్టి, రెండో చివర పది మీటర్ల అవతల గోడకో స్తంభానికో ఆనించి, సుద్దతో గీసి, అక్కణ్ణించి మళ్ళీ పది మీటర్లు. అలా గెంతుతూ గెంతుతూ వరద గీతని బడి గోడ దాకా మోసుకురావచ్చు.

మా మొదటి ప్రయత్నంలో ఆ గీత బడి తలుపు మీదుగా కప్పు దాకా పోయింది. అంత వరదొస్తే ఊరే ఉండేది కాదు. ఏమైందా అని వెనక్కి వెళ్ళి చూస్తే, పైపు చివర పట్టుకున్నవాడు నీళ్ళు ఒలికిపోతాయని బొటనవేలితో మూసి పెట్టాడు, కొలిచేటప్పుడు కూడా తీయలేదు. మూస్తే నీళ్ళు కదలవు, మట్టం తప్పు చెబుతుంది. ఇంకోసారి పైపులో గాలిబుడగ ఇరుక్కుంది. అందుకని ప్రతి గెంతు దగ్గరా వేళ్ళు తీశారా, బుడగ ఉందా అని కేకేసే పని ఒక పిల్లకి అప్పగించండి. చివర్లో బయల్దేరిన చోటికే తిరిగి కొలిచి గీతలు కలిసాయో లేదో చూడండి. రెండు మూడు అంగుళాల తేడా ఉంటే సర్దుకోవచ్చు.

వరదల టైములో టీవీలో చెప్పే అంకెలు కూడా ఇప్పుడే విప్పి చెప్పండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇవి బ్యారేజీ దగ్గర కొలబద్ద మీద అంకెలు. మన వీధిలో అన్ని అడుగుల లోతు నీళ్ళొస్తాయని కాదు. పెద్దవాళ్ళు కూడా ఇక్కడ కంగారు పడుతుంటారు. 1986లో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న తరగతి గదిలో 4,000 ఘనపుటడుగులు పడతాయి. భాగించమనండి: సెకనుకు 875 తరగతి గదుల నీళ్ళు. ఈ లెక్క తేలాక మా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత పిల్లల్ని జట్లుగా విడగొట్టి వీధులకి పంపండి. రోడ్డు మీంచి ఇంట్లోకి మెట్లు ఎక్కాలా, దిగాలా? అదొక్కటే ప్రశ్న. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది వేసిన ప్రతిసారీ రోడ్డు కాస్త పైకొస్తుంది, పక్కనున్న పాత ఇళ్ళు కాస్త కిందికి పోతాయి. మెట్లు దిగి వెళ్ళే ఇళ్ళన్నిటికీ ఊరి పటంలో నీలిరంగు వెయ్యమనండి.

నీలిరంగు ఎక్కువ ఎక్కడ పడుతుందో మీకు ముందే తెలుసు. మా పిల్లలకీ పది నిమిషాల్లో తెలిసిపోయింది. "పేట పల్లంలోనే ఎందుకుందండి?" అని అడిగింది ఆ పేట అమ్మాయే. ఊళ్ళో మెరక ఎవరికి దొరికిందో, మిగిలింది ఎవరికి ఇచ్చారో సూటిగా చెప్పాను. ఇలాంటి చోట గొంతు సవరించుకుని నీళ్ళు నమిలితే పిల్లలకి మీమీదా ఈ పాఠంమీదా రెంటిమీదా నమ్మకం పోతుంది.

నాలుగో శనివారం: ఒక్క చోటు, బోలెడు చూపు

ఇప్పుడు ఊళ్ళో ఒక చిన్న చోటు ఎంచుకోండి. చిన్నదే కావాలి. "ఆదర్శ గ్రామం డిజైను చేద్దాం" అంటే మళ్ళీ రెండు కొండలు, సూర్యుడు. కుళాయి దగ్గర బురద, రేవు మెట్లు, ఏరు దాటించే పంటు కోసం నిలబడే చోటు, బస్సు ఆగే చోటు, ఇలాంటివి.

మేం బస్సు ఆగే చోటు తీసుకున్నాం. అక్కడ ఎవరో కట్టించిన షెల్టరు ఉంది, గోడమీద దాతల పేర్లు నీటుగా ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి పిల్లలు ఎదురరుగుమీద కూర్చుని పావుగంటకోసారి ఎవరెక్కడ నిలబడ్డారో ప్లానులో చుక్కలు పెట్టారు. చుక్కలన్నీ రోడ్డుకవతల నిద్రగన్నేరు చెట్టు కింద పడ్డాయి. షెల్టరులో ఒక మేక ఉంది. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు: దాని మొహం పడమటికి ఉంది, నాలుగింటి ఎండ తిన్నగా లోపలికే కొడుతోంది.

చూడటం అయ్యాక అడగడం. "మీకేం కావాలి?" అని అడగనివ్వకండి. అలా అడిగితే ఏసీ బస్టాండు, సెల్‌ఫోన్ చార్జింగు అని చెబుతారు, పిల్లలు నవ్వుతూ రాసుకుంటారు, ఎందుకూ పనికిరాదు. "నిన్న ఇక్కడ ఏం ఇబ్బంది పడ్డారు?" అని అడగాలి. అదీ వరస పెట్టి పిలిచి: "మామ్మగారూ", "బాబాయ్", "అక్కా". ఒకరు అడగాలి, ఒకరు రాయాలి, మూడోవాళ్ళు ఊరికే చూడాలి.

ఆ మూడోవాళ్ళ వల్లే మాకు దొరికిందొకటి. నరసాపురం వైపు నుంచి చేపల తట్టతో వచ్చే ఒకామెని మా పిల్లలు "బెంచీ ఎలా ఉంటే బావుంటుందండి?" అని అడిగారు. ఆమె నవ్వింది. "బెంచీ నాకెందుకమ్మా? కూచుంటే తట్ట దింపాలి. దింపితే మళ్ళీ నెత్తికెత్తడానికి ఇంకొకరు కావాలి. బస్సొచ్చే టైముకి ఎవరు దొరుకుతారు?" అని, బస్సొచ్చేదాకా తట్ట నెత్తినే పెట్టుకుని నిలబడింది. మూడో అమ్మాయి పుస్తకం పక్కన పెట్టి అడిగింది: "మీ భుజమెత్తు గట్టుంటే తట్ట దానిమీదికి జరుపుకోగలరా?" ఆమె ఒక్క క్షణం ఆలోచించి, చెయ్యి గాల్లో అడ్డంగా పెట్టి, "ఇదిగో, ఇక్కడుంటే చాలు" అంది. పిల్లలు టేపు తీసి అక్కడికక్కడే కొలుచుకున్నారు.

అయిదో శనివారం: నమూనా, దాన్ని పాడుచేయడం

1:20 స్కేలు తీసుకోండి. అసలు మీటరు నమూనాలో 5 సెంటీమీటర్లు. గోడల కన్నా ముందు మనిషిని కత్తిరించమనండి: 150 సెంటీమీటర్ల మనిషి ఏడున్నర సెంటీమీటర్ల అట్టబొమ్మ. ఆ బొమ్మ లేకుండా మొదలుపెడితే కుర్చీలు మేడంత అవుతాయి. గోడలకి అట్ట, స్తంభాలకి, వాసాలకి కొబ్బరి ఈనెలు, పునాదికి బంకమట్టి. థర్మాకోలు షీట్లు, మెరుపు కాగితాలు తెస్తామంటారు, వద్దనండి. అది సైన్స్ ఫెయిర్ వాసన కొడుతుంది.

నమూనా తయారయ్యాక దాన్ని హింసపెట్టాలి. మూడు పరీక్షలు. మొక్కలకి పోసే నీళ్ళ డబ్బాతో వాన: నీళ్ళు ఎక్కడ నిలిచాయి? టార్చితో పడమటి ఎండ: బొమ్మ మొహంమీద పడుతోందా? టేబుల్ ఫాన్‌తో తుఫాను. మన కోనసీమని తుఫాను కొట్టిన 1996 నవంబరు 6 రాత్రి గురించి ఇంట్లో అమ్మమ్మలనడిగి రమ్మని ముందురోజే చెప్పండి, ఫాన్ పెట్టినప్పుడు ఆ కబుర్లు బయటికొస్తాయి. మావాళ్ళు వాన లోపలికి రాకుండా చూరు బాగా ముందుకి లాగారు. ఫాన్ వేయగానే గాలి చూరు కిందికి దూరి కప్పునే లేపేసింది. చూరు పొడవుంటే వానకి మంచిది, తుఫానుకి చెడ్డది. ఎంత పొడవు పెట్టాలో, దూలానికి వాసాన్ని ఎలా బిగించి కట్టాలో అప్పుడు మొదలైన వాదన బడి గంట కొట్టాక కూడా ఆగలేదు.

ఎండ గురించి ఒక చిన్న తమాషా: జూన్‌లో మిట్టమధ్యాహ్నం ఆవరణలో ఒక కర్ర నిలువుగా పాతి నీడ చూడండి. ఉత్తరానికి పడుతుందని అందరూ పందెం కాస్తారు. దక్షిణానికి పడుతుంది. మన డెల్టా దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరం వైపుంటాడు.

ర్యాంపు లెక్క తప్పక చేయించండి. ఒక అడుగు ఎత్తెక్కాలంటే 12 అడుగుల పొడవుండాలి, చక్రాల కుర్చీకి అదీ నియమం. రెండున్నర అడుగుల అరుగుకి 30 అడుగులు. నేను పనిచేసిన ఒక బడిలో ర్యాంపు కట్టారు, పొడవు మిగిలిన స్థలాన్నిబట్టి వేశారు. కుర్చీలో వచ్చే పిల్లాణ్ణి దానిమీద ముగ్గురు తోసేవారు, దిగేటప్పుడు నలుగురు పట్టుకునేవారు. 30 అడుగుల స్థలం లేకపోతే ఏం చేయాలని పిల్లల్నే అడగండి. మధ్యలో చదునైన చోటు పెట్టి వెనక్కి మళ్ళించొచ్చని ఎవరో ఒకరు చెబుతారు, మనం నోరు మూసుకుంటే.

ఆరో శనివారం: పంచాయతీ

ఒక అట్టమీద ప్లాను, సెక్షను, చుక్కల పటం. ఒక పేజీ అర్జీ. నమూనా. పిల్లలే మాట్లాడాలి, ఒక్కొక్కరు రెండు నిమిషాలు. సర్పంచి గారిని, కార్యదర్శి గారిని ముందే కలిసి, డబ్బడగడానికి రావట్లేదని చెబితే తీరుబడిగా వింటారు. మార్కులు వేయకండి, మొదటి బహుమతి రెండో బహుమతి పెట్టకండి. పెద్దయ్యాక దీన్ని చదవొచ్చా అని అడిగేవాళ్ళకి మాత్రం చెప్పండి: ఇంటర్ తర్వాత బి.ఆర్క్ అయిదేళ్ళు, విజయవాడలోనే 2008 నుంచి కేంద్ర ప్రభుత్వ ప్లానింగ్, ఆర్కిటెక్చర్ కళాశాల ఉంది.

కట్టేస్తారని ఆశ పెట్టకండి. మా షెల్టరు ఇప్పటికీ పడమటికే చూస్తోంది. కానీ మూలమట్టం నేర్పడానికొచ్చిన మేస్త్రి, ఒకమ్మాయి నాన్నే, ఎక్కడో మిగిలిన ఇటికలు తెచ్చి చెట్టు కింద ఒక ఆదివారం పూట గట్టు కట్టేశాడు. ఎత్తు పిల్లలు చెప్పిందే. తర్వాతి వారం పిల్లలు మళ్ళీ పుస్తకాలు పట్టుకుని వెళ్ళి ఆ చేపల తట్ట ఆమె కోసం కాపు కాశారు. ఆమె తట్ట జరుపుకుని, మెడ అటూ ఇటూ తిప్పుకుని, గట్టు అంచుమీద చెయ్యి రాసి చూసింది. "ఎత్తు సరిపోయింది గానీ అమ్మా, ఈ అంచు తట్టని కోసేస్తోంది. గుండ్రంగా చేయమని మీ నాన్నకి చెప్పు."

ఆ అమ్మాయి రాసుకుంది. శనివారం నాన్నని సిమెంటుతో సహా వెంటబెట్టుకొచ్చింది.